సైప్రస్ ఫ్లమెంకో గిటార్: పాలిష్‌కు ముందు ఫింగర్‌బోర్డు పలచన చేయాలా?

సైప్రస్ పొట్టు అనే పేరుతో ఒకరు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. చేతితో ఒక ఫ్లమెంకో బ్లాంకా (సైప్రస్‌తో చేసే లేత రంగు ఫ్లమెంకో గిటార్) తయారు చేస్తున్నాను. పక్కలూ వెనుక పలకా స్పానిష్ సైప్రస్, పై పలక యూరోపియన్ స్ప్రూస్, మెడ స్పానిష్ సెడార్, తీగ పొడవు 650 మి.మీ. సోలేరా (గిటార్ కట్టే అచ్చు బల్ల) మీద బోర్లా పెట్టి, మెడ మడమలో కోసిన గాడుల్లోకి పక్కలు దూర్చి, స్పానిష్ పద్ధతిలోనే కట్టుకుంటూ వచ్చాను. పెట్టె మూయడం అయింది. అంచులకు రోజ్‌వుడ్ పట్టీలు వేశాను. ఎబొనీ ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్లు నొక్కే పలక) అతికించి మెట్ల (ఫ్రెట్ల) గాడులు కోశాను. మెట్లు మాత్రం ఇంకా దిగగొట్టలేదు. బ్రిడ్జి (పై పలక మీద తీగలు కట్టే దిమ్మ) చెక్కి పక్కన ఉంచాను, అతికించలేదు.

పాలిష్ మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. నా కొలతలు ఇవి. ఫింగర్‌బోర్డు మందం పొడవునా 7 మి.మీ. మెడను నట్ (తల వైపు తీగలు ఆనే చిన్న దిమ్మ) దగ్గర పై పలక తలం కన్నా 1.5 మి.మీ. ముందుకు లేపి కట్టాను. బ్రిడ్జి కూర్చునే చోట పై పలక ఉబ్బు 2.5 మి.మీ. మెట్టు ఎత్తు 1 మి.మీ. పన్నెండో మెట్టు మీద ఆరో తీగ 3 మి.మీ. ఎత్తులో ఉండాలని నా కోరిక. ఈ లెక్కతో దారం లాగి చూస్తే, బ్రిడ్జి దగ్గర తీగకూ పలకకూ మధ్య దాదాపు 9.7 మి.మీ. వస్తోంది. క్లాసికల్ గిటార్‌కైతే అది తక్కువే. ఫ్లమెంకోకు 8 దగ్గర ఉండాలని అందరూ అంటారు. ఫింగర్‌బోర్డును చిత్రిక పట్టి ఆ తేడా తీసేయాలా, లేక ఇలాగే వదిలి ముందుకు వెళ్లాలా?

రెండో సంగతి పాలిష్. షెల్లాక్‌తో ఫ్రెంచ్ పాలిష్ (గుడ్డ ఉండతో పలుచని పూతలు రుద్దడం) చేయాలని మనసు లాగుతోంది. కానీ గోళ్ల దెబ్బలూ చెమటా పడే వాయిద్యానికి అంత పలుచని పూత ఆగుతుందా అని ఆలోచన. గోల్పెయడోర్ రేకు (వేలి తట్లకు పలక దెబ్బతినకుండా అతికించేది) ఎప్పుడు అతికించాలో కూడా చెప్పండి.

గోమెరెస్ సమాధానం

పలచన చేయండి. పాలిష్ డబ్బా మూత తీయకముందే ఆ పని ముగించండి.

మీ లెక్కను నేను మళ్లీ వేసి చూశాను. నట్ దగ్గర తీగ అడుగు పలక తలానికి ఫింగర్‌బోర్డు 7, మెట్టు 1, మెట్టు పైన తీగకు వదిలే 0.3, ముందుకు లేపిన 1.5 కలిపి 9.8 మి.మీ. ఎత్తులో ఉంది. పన్నెండో మెట్టు దగ్గర 7, 1, 3 కలిపి 11. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా నడిమధ్య కాబట్టి బ్రిడ్జి దగ్గర ఎత్తు 22 లోంచి 9.8 తీసేస్తే 12.2. అందులోంచి పలక ఉబ్బు 2.5 పోతే మీరు చెప్పిన 9.7 వచ్చింది. ఇక్కడ అసలు కీలకం ఏమిటంటే, నట్ దగ్గర మందం కదపకుండా పన్నెండో మెట్టు దగ్గర ఎంత తీస్తే బ్రిడ్జి దగ్గర దానికి రెట్టింపు దిగుతుంది. మీకు కావలసింది 1.7. అంటే పన్నెండో మెట్టు దగ్గర 0.85 మి.మీ. తీస్తే చాలు. అదే వాలును కొనసాగిస్తే పంతొమ్మిదో మెట్టు దగ్గర 1.13 పోతుంది, అక్కడ ఇంకా 5.9 మి.మీ. ఎబొనీ మిగులుతుంది. బలానికి ఏ లోటూ రాదు. పక్క నుంచి చూస్తే ఫింగర్‌బోర్డు నట్ నుంచి గుండ్రటి రంధ్రం వైపు సన్నబడుతూ కనిపిస్తుంది. దాన్ని లోపం అనుకోవద్దు.

ఈ 1.7 మి.మీ. కోసం ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. గ్రనడాలో, అలంబ్రా కోటకు ఎక్కే గోమెరెస్ వీధిలో గిటార్ తయారీదారుల కార్ఖానాలు ఉన్నాయి. అక్కడ ఒకదానిలో పని నేర్చుకున్నాను. వాయించేవాడు కొత్త గిటార్ ఒళ్లో పెట్టుకోగానే ముందు తీగ మీటడు. ఉంగరపు వేలితో పలకను ఒకసారి తట్టి చూస్తాడు. అదే గోల్పె. తీగకూ పలకకూ మధ్య దూరం పెరిగితే ప్రతి తట్టుకూ వేలు అంత లోతుకు దిగి మళ్లీ పైకి రావాలి. బులేరియా అనే ఫ్లమెంకో లయ వేగంలో ఆ దూరం చేతికి తెలిసిపోతుంది. పైగా తీగ బ్రిడ్జి మీద ఎంత ఎత్తులో ఉంటే పలకను అంతగా మెలిపెడుతుంది. తక్కువ ఎత్తులో ఆ మెలి తగ్గుతుంది. పలుచని పలక, తేలిక సైప్రస్ దానికి తోడైతే స్వరం ఠక్కున లేచి తొందరగా ఆగుతుంది. క్లాసికల్ వాయిద్యంలో స్వరం సాగాలి. ఇక్కడ ఒక రస్గెయాదో (వేళ్లు వరుసగా విసిరి తీగలన్నీ మీటడం) మోత తరువాతి దాన్ని మింగేయకూడదు.

పని ఎలా చేయాలంటే: ముందుగా పై పలకను మందపాటి అట్టతో, దాని మీద టేపుతో పూర్తిగా కప్పండి. ఎబొనీ పొడి స్ప్రూస్ నారలోకి దిగితే ఆ నల్లదనం ఊది దులిపినా పోదు, గరుకు కాగితంతో రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. పాలిష్‌కు ముందే ఈ పని అనడానికి సగం కారణం ఇదే. తరువాత ఫింగర్‌బోర్డు మీద అడ్డంగా తెల్ల పెన్సిల్ గీతలు గీయండి. చిన్న చిత్రికకు బాగా పదును పెట్టి, అలుగును వెంట్రుకవాసి మాత్రమే బయటికి ఉంచి, పంతొమ్మిదో మెట్టు చివర నుంచి మొదలుపెట్టండి. ముందు చివరి నాలుగు మెట్లు, తరువాత చివరి ఎనిమిది, ఆ తరువాత పన్నెండు, అలా వెనక్కి జరుగుతూ నట్ వైపు రండి. వాలు దానంతటదే కుదురుతుంది. నట్ పక్కన గీసిన గీత చివరి వరకూ చెరగకూడదు. నార ఎదురు తిరిగి చెక్క పెచ్చులుగా లేస్తుంటే చిత్రిక ఆపి గీకుడు రేకు అందుకోండి. ఆఖరున ఉక్కు స్కేలు నిలబెట్టి వెనుక దీపం పెట్టి చూడండి, వెలుతురు ఎక్కడ దూరితే అక్కడ పల్లం ఉన్నట్టు.

పైభాగం తీసేశారు కాబట్టి గాడుల లోతు కూడా తగ్గి ఉంటుంది. మెట్టు కాలు పొడవు కొలిచి, దానికన్నా కొంచెం లోతుగా గాడిని మళ్లీ రంపంతో దింపండి. ఇది మరిచిపోతే మెట్టు అడుగు ఆనుకోకుండా పైకే నిలబడి, చదును చేసేటప్పుడు ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తులో దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. తీగలు బిగించాక మెడ వాటి లాగుడుకు కొద్దిగా ముందుకు వస్తుంది. పన్నెండో మెట్టు మీద 3 మి.మీ. నిలవాలంటే అప్పుడు శాడిల్‌ను (బ్రిడ్జిలో తీగలు ఆనే సన్నని పట్టీ) కాస్త దించాలి, అందుకే దారంతో కొలిచేటప్పుడు నేనైతే 8 కాకుండా 8.5 కు గురి పెడతాను. బిగువు ఎక్కాక 8 దగ్గర నిలుస్తుంది. మీరూ అలా చేయదలిస్తే పన్నెండో మెట్టు దగ్గర 0.6 మి.మీ. తీయాలి.

సోలెయా సమాధానం

నేను తయారీదారును కాను, వాయించేదాన్ని. గోమెరెస్ గారు చెప్పిన ఎత్తు విషయంలో నాకు ఏ భేదం లేదు. కానీ 7 కన్నా కిందికి మాత్రం పోనివ్వకండి. అల్సపువాలో బొటనవేలు గోరు కిందికీ పైకీ తిరుగుతుంది. తీగ మరీ కిందికి ఉంటే ప్రతిసారీ గోరు పలకను గీరుతుంది. కావాలని తట్టిన చప్పుడు వేరు, తప్పించుకోలేక వచ్చే గీరుడు వేరు.

తీగ మెట్లకు తగిలి వచ్చే రొద గురించి కూడా ఒక మాట. బలంగా రస్గెయాదో వాయించినప్పుడు కొంచెం రొద రావడం ఈ వాయిద్యపు స్వభావంలోనే ఉంది. నెమ్మదిగా మీటినప్పుడు కూడా వస్తే అది మెట్ల పనిలో తేడా. కొత్తగా తయారు చేసేవారు మొదటి రొద వినగానే భయపడి శాడిల్ ఎత్తు పెంచుతారు. పన్నెండో మెట్టు మీద 3 మి.మీ. కాస్తా 3.5, 4 అవుతుంది, పికాదో (ఒక్కో స్వరం వేగంగా మీటడం) వాయించే వేళ్లకు ఆ గిటార్ పరాయిదైపోతుంది. దయచేసి ఆ పని చేయకండి. ముందు మెట్లు చదునుగా ఉన్నాయో లేదో చూడండి.

మీరు తల భాగం గురించి చెప్పలేదు. చెక్క బిరడలా, లోహపు యంత్రాలా? సైప్రస్ పెట్టె చాలా తేలిక. దాని తలకు బరువైన యంత్రాలు బిగిస్తే మెడ కిందికి వాలిపోతూ ఉంటుంది, ఎడమ చేయి స్వరం పట్టడం మాని మెడను మోయాల్సి వస్తుంది. పాత పద్ధతిలో గిటార్‌ను కుడి తొడ మీద నిలబెట్టినట్టు పట్టుకునేవారికి ఇది మరీ ఇబ్బంది. బిరడలతో శ్రుతి చేయడానికి ఓపిక కావాలి, నిజమే. ఆ తేలికదనం ముందు ఆ ఓపిక నాకు పెద్ద విషయంగా అనిపించదు.

సైప్రస్ పొట్టు మళ్లీ

ఇద్దరికీ ధన్యవాదాలు. రెట్టింపు దిగుతుందన్న సంగతి చదివి, కాగితం మీద గీసుకుని చూశాక పూర్తిగా అర్థమైంది. 0.6 తీయడానికే నిర్ణయించుకున్నాను. సోలెయా గారూ, బిరడలే పెడుతున్నాను. రంధ్రాలు ఇంకా చిన్నవిగానే ఉన్నాయి, రీమర్‌తో సరిచేయాలి.

ఇక ఫ్రెంచ్ పాలిష్ గురించి వివరంగా చెప్పగలరా? ప్యూమిస్ పొడితో నార రంధ్రాలు పూడ్చాలని అన్నిచోట్లా రాసి ఉంది. సైప్రస్‌కు కూడా ఆ పని అవసరమా? రోజ్‌వుడ్ అంచులు ఉన్నాయి కాబట్టి ఇంకేమైనా చూసుకోవాలా?

గోమెరెస్ సమాధానం

మంచి ప్రశ్న అడిగారు, ముఖ్యంగా అంచుల గురించి. అక్కడి నుంచే మొదలుపెడతాను.

రోజ్‌వుడ్‌లో ఉన్న రంగు ఆల్కహాల్‌లో కరుగుతుంది. మీరు షెల్లాక్ తడిపిన గుడ్డను నేరుగా అంచు మీదుగా లాగితే ఆ ఎర్రని రంగు తెల్లని సైప్రస్ మీదికీ స్ప్రూస్ మీదికీ పారాణిలా పాకుతుంది. అది నారలోకి దిగాక గీకి తీయడం తప్ప దారి లేదు. కాబట్టి మొదటి పూత గుడ్డతో వేయకండి. సన్నని కుంచెతో, ముందు రోజ్‌వుడ్ పక్కనే ఉన్న తెల్ల చెక్క మీద పలుచని షెల్లాక్ గీత గీయండి. అది ఆరాక రోజ్‌వుడ్ పట్టీ మీద మాత్రమే ఇంకో గీత. రోసెట్ (గుండ్రటి రంధ్రం చుట్టూ ఉండే అలంకారం) చుట్టూ కూడా అంతే. ఇవన్నీ గట్టిపడ్డాకే గుడ్డ పని. గుడ్డను కూడా అంచు పొడవునా లాగండి, అంచుకు అడ్డంగా లాగకండి.

ప్యూమిస్ పెద్ద రంధ్రాలున్న చెక్కకు, అంటే ఫ్లమెంకో నెగ్రాలో వాడే రోజ్‌వుడ్‌కు కావాలి. సైప్రస్ నార సన్ననిది, దానికి అవసరం లేదు. స్ప్రూస్ పలకకైతే అసలే వద్దు. మీకు ఆ పని మొత్తం తప్పింది. బ్లాంకా తయారు చేయడంలో ఉన్న సుఖాల్లో ఇది ఒకటి.

షెల్లాక్ అంటే లక్క పురుగుల నుంచి వచ్చేదే. మైనం తీసేసిన లేత రంగు రేకులు తీసుకోండి, సైప్రస్ తెల్లదనం నిలుస్తుంది. కొంచెం బంగారు ఛాయ కావాలనుకుంటే ముదురు రేకులు కొన్ని కలపవచ్చు. లీటరు ఆల్కహాల్‌కు 200 గ్రాముల చొప్పున, మీకైతే పావు లీటరుకు 50 గ్రాములు చాలు. రాత్రంతా నాననిచ్చి, మధ్యమధ్య కుదిపి, సన్నని గుడ్డలో వడకట్టండి. శుద్ధమైన ఇథనాల్ మాత్రమే వాడండి. మెథనాల్ కలిసిన స్పిరిట్ ఆవిరిగానే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. ఈ పనిలో చేయి గంటల తరబడి దానిలోనే ఉంటుంది. కరిగించిన షెల్లాక్ నెలల తరబడి నిలవ ఉంటే సరిగా గట్టిపడదు, అందుకే కొంచెం కొంచెం కలుపుకోవడం మేలు.

గుడ్డ ఉండను స్పెయిన్‌లో మున్యేకా అంటారు. లోపల పాత ఉన్ని గుడ్డ ముద్ద, పైన బాగా ఉతికిన, పీచు ఊడని నూలు గుడ్డ. అడుగున ఒక్క ముడత కూడా ఉండకూడదు. షెల్లాక్ లోపలి ముద్దకు పోసి, పై గుడ్డ చుట్టి, కాగితం మీద ఒత్తి చూడండి. కాగితం మీద తడి అచ్చు పడి, మీరు చూస్తుండగానే ఆరిపోతే తడి సరిపోయినట్టు. మెరుస్తూ నిలిచిపోతే ఎక్కువైనట్టు, ఇంకా కొంచెం కాగితానికి ఒత్తేయండి.

ఉండ చెక్కను తాకేముందే కదులుతూ ఉండాలి, చెక్కను వదిలేటప్పుడూ కదులుతూనే ఉండాలి. మధ్యలో ఒక్క క్షణం ఆగితే కింద ఉన్న పూత మెత్తబడి గుడ్డకు అంటుకుని లేచి వస్తుంది. చిన్న సున్నాలు, తరువాత ఎనిమిది అంకెలు, ఆఖరున నార పొడవునా. ఉండ పట్టేస్తున్నట్టు అనిపిస్తే అడుగున ఒక్క చుక్క ఆలివ్ నూనె వేలితో రాయండి. ఉండ వెనుక సన్నని మబ్బు తెరలాంటిది కనిపించి వెంటనే మాయమవుతుంటే పని సరిగా సాగుతున్నట్టు. ఆ తెర ఆల్కహాల్ ఆరిపోతున్న గుర్తు. ఒక విడత పూర్తయ్యాక వదిలేయండి. మర్నాడు చూస్తే పూత చెక్కలోకి కుంగి, పలుచబడి ఉంటుంది. అప్పుడు ఇంకో విడత. చివరి విడతల్లో షెల్లాక్ తగ్గించి ఆల్కహాల్ పెంచుకుంటూ పోతే పైన తేలిన నూనె కూడా పోతుంది.

పై పలక మీద తక్కువ పూత వేయండి, పక్కల మీద, వెనుక కొంచెం ఎక్కువ వేసినా ఫరవాలేదు. మందమైన పూత పలకకు బరువు, మీరు రెండు మి.మీ. పైచిలుకు మందానికి తెచ్చిన పలకను మళ్లీ మందం చేసినట్టే. గోళ్ల దెబ్బలకు ఆగుతుందా అని అడిగారు. గోళ్ల దెబ్బలకు పూత అడ్డం కాదు, గోల్పెయడోర్ అడ్డం. చెమటకు మాత్రం షెల్లాక్ లొంగుతుంది. కుడి ముంజేయి ఆనే చోట కొన్నేళ్లకు అరిగి మసకబారుతుంది. అయితే కొత్త షెల్లాక్ పాతదానిలోకి కరిగి కలిసిపోతుంది కాబట్టి అరిగిన చోటనే మళ్లీ నాలుగు చేతులు తిప్పితే సరిపోతుంది. పిచికారీ లక్కర్‌కు ఆ వెసులుబాటు అంతగా ఉండదు.

పాలిష్‌కు ముందు బ్రిడ్జి కూర్చునే చోట, దాని ఆకారం కన్నా వెంట్రుకవాసి లోపలికి కోసిన టేపు అంటించండి. టేపును విడిగా అద్దం మీద కోసి తెచ్చి అంటించాలి. పలక మీద పెట్టి కత్తితో కోస్తే స్ప్రూస్ నార తెగుతుంది, తీగల లాగుడంతా పడేది సరిగ్గా ఆ గీత మీదే. పూత గట్టిపడ్డాక టేపు తీస్తే జిగురుకు శుభ్రమైన చెక్క సిద్ధంగా ఉంటుంది. శాడిల్‌ను సరిగ్గా 650 మీద కాకుండా, ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. వెనక్కి పెట్టండి. మెట్టుకు నొక్కినప్పుడు సాగే తీగ శ్రుతి పెరుగుతుంది, దాన్ని ఈ కొంచెం పొడవు సరిచేస్తుంది.

మరమ్మతు బల్ల సమాధానం

గోల్పెయడోర్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అరిగిపోయిన రేకులు తీసి కొత్తవి వేయడం నా పనిలో భాగం.

తొందరపడకండి. షెల్లాక్ చేతికి అంటకుండా ఆరడం వేరు, లోపల గట్టిపడడం వేరు. చివరి పూత తరువాత కనీసం నెల రోజులు ఆగండి. మెత్తగా ఉన్న పూత మీద జిగురు రేకు అతికిస్తే, దాన్ని మార్చాల్సిన రోజున పూత కూడా రేకుతో పాటు ఊడి వస్తుంది. ఈలోగా వాయించి చూడాలని ఉంటే తట్టకుండా వాయించండి.

రేకును ముందు కాగితం మీద గీసుకుని కత్తిరించండి. ఉంగరపు వేలు నిజంగా ఎక్కడ పడుతుందో వాయించేవారి చేత చూపించుకుని గీయడం మంచిది. కొందరికి మొదటి తీగ కింద మాత్రమే చాలు, కొందరికి ఆరో తీగ పైన బొటనవేలి వైపు కూడా కావాలి. రోసెట్ గుండ్రతనాన్ని అనుసరించి కత్తిరిస్తే చూపుకు ఇంపుగా ఉంటుంది. మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూల చెమటకు ముందుగా లేస్తుంది.

అతికించే చోటును పొడి మెత్తని గుడ్డతోనే తుడవండి. అద్దాలు తుడిచే ద్రవాలు దగ్గరికి రానివ్వకండి. వాటిలో ఉండే ఆల్కహాల్, అమ్మోనియా రెండూ షెల్లాక్‌ను కరిగిస్తాయి. వెనుక కాగితం అంతా ఒకేసారి ఒలవకండి. ఒక అంచు వేలెడంత ఒలిచి, స్థానం చూసి అంటించి, మిగతా కాగితాన్ని కింద నుంచి లాగుతూ ప్లాస్టిక్ కార్డుకు మెత్తని గుడ్డ చుట్టి నెట్టుకుంటూ పోతే బుడగలు రావు.

తీయాల్సి వచ్చినప్పుడు జుట్టు ఆరబెట్టే యంత్రంతో గోరువెచ్చగా మాత్రమే వేడి చేయండి. వేడికి షెల్లాక్ కూడా మెత్తబడుతుంది. రేకును పైకి లాగకండి. దాని మీదికే మడిచి, నార పొడవునా, పలకకు ఆనించినట్టుగా నెమ్మదిగా వెనక్కి లాగండి.

సైప్రస్ పొట్టు మళ్లీ

చిత్రిక పని అయింది. ఎబొనీ రెండు చోట్ల ఎదురు తిరిగితే గీకుడు రేకుతో సరిచేశాను. దారం ఇప్పుడు బ్రిడ్జి దగ్గర 8.6 చూపిస్తోంది. గాడులు కూడా మళ్లీ దింపాను. మెట్లు పాలిష్‌కు ముందు దిగగొట్టాలా, తరువాతా?

గోమెరెస్ సమాధానం

8.6 చాలా బాగుంది, ఇక దాన్ని ముట్టుకోకండి. మెట్లు ముందే దిగగొట్టండి. చదును చేయడం, చివరలు ఆకురాయితో గుండ్రం చేయడం కూడా ముందే. లోహపు రజను షెల్లాక్ మీద పడితే గీతలు తప్పవు. తరువాత ఫింగర్‌బోర్డును టేపుతో మూసి, గిటార్ అంతా దులిపి, గది మార్చి పాలిష్ మొదలుపెట్టండి. మొదటి గీత రోజ్‌వుడ్ పక్కన తెల్ల చెక్క మీదే, సన్న కుంచెతో.